బాగైన మోకాలు, ఖాళీ కూతలు

ఫిజియోథెరపీ విభాగంలో కొత్తగా చేరినవారికి మోకాలి వంపును కొలవడం నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది. కొలిచిన అంకెను నమ్మడం మొదటి రోజే వచ్చేస్తుంది. ఆ నమ్మకంతోనే నేను ఇరవై తొమ్మిదేళ్లు నరసరావుపేటలోని ఒక ఆసుపత్రిలో పనిచేసి, పోయిన సంవత్సరం పదవీ విరమణ చేశాను. వీడ్కోలు సభలో మాట్లాడినవారందరూ నా కచ్చితత్వాన్ని మెచ్చుకున్నారు. పప్పులో ఉప్పు కూడా నేను కొలబద్ద పెట్టి వేస్తానని ఒక సహోద్యోగి చమత్కరిస్తే సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కచ్చితత్వం ఒక అమ్మాయిని ఎన్ని నెలలు వెనక్కి నెట్టిందో తెలిసిన మనిషి ఆ సభలో ఒక్కరే ఉన్నారు. మా విభాగం ఆయా. ఆమెను మాట్లాడమని ఎవరూ అడగలేదు.

ఈ వృత్తిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నవారి కోసం ఆ సంగతి రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఇందులో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఒకరిది కారంపూడి వైపు, మరొకరిది శావల్యాపురం వైపు. మా విభాగంలో రోగులను ఊళ్ల పేర్లతోనే పిలిచేవాళ్లం కాబట్టి ఇక్కడా అలాగే పిలుస్తాను.

కారంపూడి అమ్మాయి నరసరావుపేటలో డిగ్రీ చదివేది. కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే ఆటగత్తె. అంటే ఎదుటి జట్టు స్థలంలోకి ఒంటరిగా చొరబడి, ఎవరినో ఒకరిని తాకి, పట్టుబడకుండా మధ్యగీత దాటి వెనక్కి రావాలి. ఒక రోజు సాధనలో వెనక్కి తిరుగుతుండగా ఎవరో ఆమె ఎడమ చీలమండ పట్టుకున్నారు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలి లోపలి లిగమెంటు తెగిపోయింది. గుంటూరులో శస్త్రచికిత్స అయింది. వ్యాయామాలకు మాత్రం బస్సు సౌకర్యం చూసుకుని మా దగ్గరకు వచ్చేది.

తొమ్మిది నెలలు వచ్చింది. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో, తొడ చుట్టుకొలత ఎంత పెరిగిందో వారం వారం గ్రాఫు కాగితం మీద గుర్తుపెట్టి గోడకు అంటించేదాన్ని. ఆ గీత ఎక్కడా వంకరపోకుండా పైకి వెళ్లింది. శిక్షణకు వచ్చిన విద్యార్థులకు ఆ కాగితం చూపించి, కోలుకోవడమంటే ఇలా ఉండాలని చెప్పేదాన్ని. ఆ అమ్మాయి నేను చెప్పింది చెప్పినట్టు చేసేది, వద్దన్నది చచ్చినా చేసేది కాదు. ఎదుటివాళ్ల స్థలంలోకి ఒంటరిగా దూకవలసిన మనిషి గురించి రాయదగిన వాక్యం కాదిది. నేను దాన్ని మెచ్చుకోలుగా కేసు షీటులో రాశాను.

తొమ్మిదో నెల చివర రెండు మోకాళ్లకూ కొలతల్లో తేడా లేదు. ఒంటికాలి గెంతులో తేడా లేదు. ఆడవచ్చని ధ్రువపత్రం రాసి సంతకం పెట్టాను. గుంటూరు సర్జన్ గారు ఫోనులోనే అభినందించారు.

పది రోజులకు కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గారు ఫోన్ చేశారు. ఆయనది మాచర్ల. మాట కటువు.

"మేడం, కాలు బాగుచేశారు, సంతోషం. పిల్ల మాత్రం ఇంకా మీ ఆస్పత్రిలోనే ఉంది. ఎప్పుడు పంపిస్తన్నారు?"

నాకు అర్థం కాలేదని చెబితే గ్రౌండుకు వచ్చి చూడమన్నారు. నోటు పుస్తకం పట్టుకుని వెళ్లాను.

మధ్యగీతకు కొంత అవతల, ఎదుటి జట్టు స్థలంలో అడ్డగీత ఒకటి ఉంటుంది. కూతకు వెళ్లినవారు కనీసం ఆ గీత దాటి రావాలని నియమం. దాటి, ఎవరినీ తాకకుండా, ఎవరికీ దొరకకుండా వచ్చేస్తే దాన్ని ఖాళీ కూత అంటారు. పాయింటు రాదు, పోదు. తప్పు అని ఎవరూ అనలేరు. ఆ సాయంత్రం కారంపూడి అమ్మాయి పదకొండుసార్లు కూతకు వెళ్లింది. పదకొండూ ఖాళీ కూతలే. కుడి పాదాన్ని అడ్డగీతకు అవతల ఒక అంగుళం మోపడం, వెనక్కి నడవడం. పరుగు కూడా కాదు, నడక. బ్యాంకులో సంతకం పెట్టి వచ్చినంత పద్ధతిగా ఉంది.

యూనివర్సిటీ జట్టు ఎంపికలు మూడు నెలల్లో ఉన్నాయి. అది ఆమెకు డిగ్రీ చివరి సంవత్సరం. ఈసారి ఎంపిక కాకపోతే కబడ్డీ అక్కడితో సరి. ఆట వల్లే నరసరావుపేట దాకా వచ్చి చదువుతున్న అమ్మాయి ఆ తర్వాత ఏం చేస్తుందో తనకే తెలియదు. ఆ సంగతి పీడీ గారు చెప్పారు, ఆ అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి నేనూ ఎప్పుడూ అడగలేదు.

మరునాడే మా విభాగానికి వచ్చింది. మెలి తిప్పబోతే మోకాలిలో నొప్పి లేస్తుందని చెప్పింది. కొలిచాను. మళ్లీ కొలిచాను. స్కానింగుకు పంపించాను. కట్టిన లిగమెంటు చక్కగా అతుక్కుని ఉంది. సర్జన్ గారిని అడిగితే, అంతా బాగుంది, ఆడమనండి, అని రెండు ముక్కల్లో ముగించారు. తర్వాతి వారం మళ్లీ వచ్చింది. మళ్లీ నొప్పే. నా గ్రాఫు కాగితం ఇంకా గోడ మీదే ఉంది. ఆ కాగితానికీ ఈ అమ్మాయి మాటకూ పొంతన కుదరడం లేదు. రెండింటిలో ఒకటి అబద్ధమైతే అది కాగితం కాదని నిర్ణయించుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు, బల్లల మీద ఆరుగురు రోగులు ఉండగా అన్నాను. "నీ మోకాలికి ఏమీ లేదు. ఉంటే నీ తలలో ఉంది."

వ్యాయామపు బల్ల మీద నుంచి దిగి, దుప్పటి మడత పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. దుప్పటి మడత పెట్టడం ఆయా పని. ఆ అమ్మాయి మాత్రం తొమ్మిది నెలలూ తానే మడతపెట్టేది. ఆ రోజూ మానలేదు.

మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వాళ్ల నాన్న వచ్చాడు. మిరప వేసే రైతు, నాకంటే చిన్నవాడు. స్కానింగు ఫిల్ములన్నీ బట్టల దుకాణం సంచీలో పెట్టుకుని వచ్చి, నిలబడే మాట్లాడాడు.

"మా పిల్లకి తలకాయలో ఏదో ఉందని చెప్పారంట గదమ్మా. గుంటూరు తీసకపోవాల్నా, హైదరాబాదు తీసకపోవాల్నా? మోకాలికి తీసినట్టే తలకాయకి గూడా ఒక ఫోటో తీయిస్తే పోద్దిగా."

వెటకారం లేదు. నేను తిట్టుగా అన్న మాటను ఆయన రోగ నిర్ధారణగా తీసుకున్నాడు. మా ఇద్దరిలో నా చదువును ఎక్కువ గౌరవించినవాడు ఆయనే. ఊళ్లో అప్పటికే సగం మందికి తెలిసిందనీ, పిల్ల గడప దాటడం లేదనీ, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో నేనే చీటీ రాసివ్వాలనీ అడిగాడు. చీటీ రాయలేకపోయాను. ఆదివారం మీ ఇంటికి వస్తానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. పెద్ద జబ్బే అనుకుని ఉంటాడు.

ఆదివారం బస్సులో కారంపూడి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరాను. ఇంటి పక్కన కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అమ్మాయి వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ కాలు ఎదురుగా స్టూలు మీద, కింద దిండు. ఆ కాలికి దిండు అవసరం తీరిపోయి ఎనిమిది నెలలు దాటింది. నేను క్షమాపణ చెప్పాలనే వెళ్లాను, చెప్పాను కూడా. ఫరవాలేదు మేడం అంది. ఫరవాలేదని ఆ అమ్మాయి అన్ని విషయాలకూ అనేది.

నేను వచ్చానని తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. మా పల్నాడులో రోగిని చూడబోయేవారు వట్టి చేతులతో వెళ్లరు. బత్తాయిలో, బ్రెడ్డు పొట్లమో తీసుకెళ్తారు. వాటితోపాటు ఒక కథ కూడా తీసుకెళ్తారు. పది నెలలు గడిచినా ఆ ఇంటికి కథలు వస్తూనే ఉన్నాయి. గురజాలలో ఒకాయనకు ఇలాగే మోకాలు కుట్టించాక మంచం దిగబోయి మళ్లీ పుటుక్కున పోయిందట. పిడుగురాళ్లలో ఇంకొకామె కాలు ఎండిపోయిందట. చెప్పేవాళ్లలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఎంత భయంకరమైన కథ చెబితే అంత ప్రేమ ఉన్నట్టు. ప్రతి కథ చివరా ఒకే మాట, జాగ్రత్త. నీళ్లకు లేస్తే నాయనమ్మ, జాగరత్తే అమ్మాయ్, గడప చూసుకో. పక్కింటి పిన్ని, పదిలం తల్లీ. లెక్కపెట్టడం నా జబ్బు. గంటా పది నిమిషాల్లో ఆ మాట, దాని అక్కచెల్లెళ్లతో కలిపి, పంతొమ్మిదిసార్లు వినిపించింది. నోటు పుస్తకంలో రాసుకున్నాను. దొంగ దొరికాడని సంతోషించాను కూడా. ఇంటివాళ్లే ఈ పిల్లను పిరికిదాన్ని చేశారు, ఇక వీళ్లకు నేను నాలుగు మాటలు చెప్పాలి.

నాయనమ్మతోనే మొదలుపెట్టాను. అన్నిసార్లు భయపెట్టకూడదు పెద్దమ్మా, అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "నేనేం భయపెట్టానమ్మా? మీరు చెప్పిందే గదా నేను చెప్పేది." గోడ వైపు చేయి చూపించింది.

క్యాలెండరు పక్కన మేకుకు ఒక కాగితం వేలాడుతోంది. నా చేతిరాత. శస్త్రచికిత్స అయిన తర్వాత ఇంటి దగ్గర పాటించవలసిన సూచనలు, మొత్తం పద్నాలుగు. గొంతుక్కూర్చోవద్దు. ఒంటికాలి మీద తిరగవద్దు. పరుగెత్తవద్దు. ఎవరినీ కాలు పట్టుకోనివ్వవద్దు. పద్నాలుగూ వద్దుతోనే ముగుస్తాయి. తండ్రి దాన్ని కారంపూడిలో లామినేషన్ చేయించి పెట్టాడు. తేదీ వేశాను, సంతకం పెట్టాను, ఆసుపత్రి ముద్ర కూడా వేశాను. ఆ సూచనలు మొదటి ఆరు వారాలకు మాత్రమేనన్న ఒక్క ముక్క రాయలేదు. వరుస సంఖ్యల కింద గీతలు కొలబద్దతో గీసిన మనిషి, ఆ ఆజ్ఞలు ఎప్పటిదాకానో రాయడం మరిచిపోయింది. ఆ ఇంట్లో పది నెలలుగా అందరూ నన్నే పాటిస్తున్నారు.

చెప్పదలచుకున్న నాలుగు మాటలూ మింగాను. మేకు నుంచి కాగితం తీసి ఇస్తారా అని అడిగితే, వద్దులేమ్మా, ఉండనీ, అంది నాయనమ్మ. తీసుకోవడానికి చాలాసేపు బతిమాలవలసి వచ్చింది.

అందరూ వెళ్లాక, అమ్మాయి పక్కన కూర్చుని, దెబ్బ తగిలిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. కేసు షీటులో ఉందిగా మేడం, అంది. ఉంది. ఏ కాలు, ఏ దిశ, పాదం ఎక్కడ మోపి ఉంది, అన్నీ ఉన్నాయి. నీకేం అనిపించిందో అందులో లేదు, అన్నాను.

మిరపకాయల వైపు చూస్తూ చెప్పింది. "శబ్దం మేడం. లోపల టప్పుమని. నొప్పి తర్వాత వచ్చింది. ఆ శబ్దం నాకు ఒక్కదానికే వినపడిందా, అందరికీ వినపడిందా అని అడుగుదామంటే ఎవుర్ని అడగాల? తిరగబోయే ముందు అదే వస్తదేమోనని చెవి అటే పోద్ది. కూత ఆగిపోద్ది."

ఎవరు పట్టుకున్నారు అని అడిగాను. పది నెలల్లో నేను వేయని ప్రశ్నల్లో ఇది రెండోది. శావల్యాపురం అమ్మాయి, అంది. ఇద్దరూ ఒకే జట్టు, దెబ్బ తగిలి ఇంటికి వచ్చేసేదాకా హాస్టల్లో ఒకే గది. మళ్లీ గ్రౌండుకు వెళ్లాక కూడా ఇద్దరికీ మాటల్లేవట. "ఊరంతా వచ్చింది మేడం చూడ్డానికి. అదొక్కతే రాలా."

బస్సులో తిరిగి వస్తుండగా, పిడుగురాళ్ల దాటాక, నాకు ఆ ఊరి పేరు ఎక్కడో తగిలిందని తోచింది. మరునాడు పొద్దున్నే ఓపీ రిజిస్టరు తిరగేశాను. ఉంది. ఏడు నెలల క్రితం శావల్యాపురం నుంచి డిగ్రీ చదివే అమ్మాయి, కుడి మణికట్టు నొప్పి, పట్టు జారుతోందని ఫిర్యాదు. పట్టు బలం కొలిచాను, మామూలుగానే ఉంది. అసాధారణం ఏమీ లేదు, వేడినీళ్ల కాపడం, అని నా అక్షరాలే. వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి ఆ అమ్మాయి ఒక మాట అడిగిందని కూడా అప్పుడు గుర్తొచ్చింది. మేడం, ఆ కారంపూడి అమ్మాయి మోకాలు ఎట్టా ఉంది? ఒక రోగి సంగతి ఇంకొక రోగికి చెప్పకూడదన్నది మా నియమం. మంచి నియమం. అదే చెప్పి పంపించాను. ఒకే ప్రమాదంలో దెబ్బతిన్న ఇద్దరినీ నేను రెండు వేర్వేరు పేజీల్లో, ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ, పదిలంగా విడదీసి పెట్టాను.

ఆ రోజే ఆయాను పిలిచి ఒక పని చెప్పాను. నేను రోగులతో మాట్లాడుతున్నప్పుడు జాగ్రత్త అన్న మాట వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద ఒక గీత గీయాలి. ఎందుకని అడగలేదు. నలభై నిమిషాల తర్వాత చూస్తే ముప్పై ఒక్క గీతలున్నాయి. ఆ గీతల కంటే ఆమె మాట ఎక్కువ గుచ్చుకుంది.

"కొన్ని వదిలేశానమ్మా. చెయ్యి నొప్పెట్టింది."

కారంపూడి అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాక, శావల్యాపురం అమ్మాయికి కబురు పంపాను. ఒక మధ్యాహ్నం ఇద్దరూ మా విభాగంలో ఎదురెదురుగా నిలబడ్డారు. శావల్యాపురం అమ్మాయి తల ఎత్తలేదు. ముందు మాట్లాడింది కారంపూడి అమ్మాయే.

"ఏమే, పది నెలలు. కాయన్నా తేకపోతివి."

"వస్తే మీ నాయనమ్మ కొడద్దేమోనని."

"కొట్టేదే."

ఆయా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కారంపూడి అమ్మాయి గొంతు తగ్గించి, నీకు వినపడిందా, అని అడిగింది. ఏంది, అంది ఇంకో అమ్మాయి. శబ్దం.

శావల్యాపురం అమ్మాయి కుడి చేయి ముందుకు చాపి, మణికట్టు మీద రెండో చేతి వేలు పెట్టింది. "వినపడలా. ఇక్కడ తెలిసింది. నీ కాలు తెగింది నా చేతికి తెలిసింది. ఇంతవరకూ ఎవురికీ చెప్పలా."

అసాధారణం ఏమీ లేదని నేను రాసిన మణికట్టు అది. ఆ రోజు నుంచి ఆమె కూడా ఎవరి చీలమండా పట్టుకోలేదని పీడీ గారు తర్వాత చెప్పారు. మూలన నిలబడి ఆడే పిల్ల, కాలు దొరికే సమయానికి చేయి తెరిచేస్తోందట. ఒళ్లు బలిసిందనుకుని ఆయన రోజూ తిట్టారట. ఒక అమ్మాయి తాకకుండా తిరిగి వస్తోంది, ఇంకొక అమ్మాయి పట్టకుండా వదిలేస్తోంది. జట్టు ఓడిపోతోంది. నేను ధ్రువపత్రాలు రాస్తున్నాను.

ఇక మేం చేసిన పనిలో గొప్ప శాస్త్రమేమీ లేదు. పరుపు మీద కారంపూడి అమ్మాయి పడుకుంటే రెండో అమ్మాయి ఆ చీలమండ మీద చేయి ఆనించి ఉంచేది, అంతే. మొదటి రోజు ఆ చేతికీ ఈ కాలికీ కూడా చెమటలు పట్టాయి. తర్వాత వేళ్లు మూయడం. తర్వాత నిలబడి. తర్వాత నడుస్తుండగా. తర్వాత నడక ఆపి తిరుగుతుండగా. ఒక్కొక్క మెట్టూ కాగితం మీద రాసి పెట్టాను, ఆ అలవాటు పోయేది కాదు. అయితే ఈసారి ప్రతి మెట్టు పక్కనా ఎప్పటిదాకానో కూడా రాశాను. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో నేను చెప్పలేదు, ఆ ఇద్దరే చెప్పుకున్నారు. నన్ను మాట్లాడకుండా ఆపడానికి ఆయా సుద్దముక్క చేత్తో పట్టుకుని నల్లబల్ల పక్కనే నిలబడేది.

మూడో వారంలో పని చెడబోయింది. గ్రౌండులో మొదటిసారి పరుగు మీద పట్టు. శావల్యాపురం అమ్మాయి పట్టినట్టు పట్టి వదిలేసింది. కారంపూడి అమ్మాయి గీత దాటి వచ్చి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి వెళ్లి ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. "దయ చూపించబాకే. మా నాయనమ్మ ఉంది దానికి." పీడీ గారు ఈల నోట్లోంచి తీసి నవ్వారు. మాచర్ల మనిషి నవ్వడం నేనదే మొదటిసారి చూడటం.

ఎంపికలు నరసరావుపేటలోనే ఒక కాలేజీ మైదానంలో జరిగాయి. వచ్చిన అమ్మాయిలను రెండు జట్లుగా విడగొట్టారు. మా వాళ్లిద్దరూ చెరొక జట్టులో పడ్డారు. సెలవు పెట్టి వెళ్లాను. అధికారి ఒకాయన మా పీడీ గారితో ఉన్న పరిచయం వల్ల నన్ను మధ్యగీత పక్కనే నిలబడనిచ్చారు.

మొదటి కూత ఖాళీ. రెండోది ఖాళీ. కుడి పాదం అడ్డగీతకు అవతల అంగుళం, వెనక్కి నడక. అంపైరు పక్కన కూర్చున్న ఎంపికదారుల్లో ఒకాయన కలం మూత పెట్టేశాడు. మూడోదీ ఖాళీయే. ఆరు వారాల పనీ, తొమ్మిది నెలల గ్రాఫు కాగితమూ ఆ అంగుళం దగ్గరే నిలబడిపోయాయి. పీడీ గారు ఆమెను పిలిచి ఏదో చెప్పబోయి, నా వైపు చూసి, మానేశారు.

నాలుగోసారి వెళ్లినప్పుడు అడ్డగీత దగ్గర ఆగలేదు. కూత గొంతు నిండా వినిపించింది. మూలకు వెళ్లి ఒకరిని చేత్తో తాకి, వెనక్కి తిరగడానికి ఎడమ పాదం మోపింది. శావల్యాపురం అమ్మాయి నేల మీదికి దూకి ఆ చీలమండనే రెండు చేతులా పట్టింది. దయ లేదు అందులో. ఒళ్లు తిరిగింది. నా కళ్ల ముందే మోకాలు కూడా తిరిగింది, ఎంత తిరగాలో అంతే తిరిగింది. కూత ఆగలేదు. కాలికి వేలాడుతున్న స్నేహితురాలిని ఈడ్చుకుంటూ, పొట్ట మీద పడి, మధ్యగీత వైపు చేయి చాచింది. మీద ఇంకా ఇద్దరు పడ్డారు. దుమ్ము లేచింది. ఈల మోగింది. అంపైరు పట్టిన జట్టు వైపు చేయి ఎత్తాడు. ఔట్.

సాయంత్రం జాబితా చదివారు. శావల్యాపురం అమ్మాయి జట్టులో ఉంది. ఆ పట్టు చూసే తీసుకున్నామని ఎంపికదారు ఒకాయన పైకే అన్నారు. కారంపూడి అమ్మాయి పేరు స్టాండ్‌బైలో ఉంది. జట్టులో ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఈమెకు పిలుపు వస్తుంది. ఈ వ్యవస్థను కనిపెట్టినవారికి హాస్యప్రియత్వం ఉండి ఉండాలి.

యువ మిత్రులారా, ఈ కథ ఇక్కడ విజయంతో ముగిసి ఉంటే మీకు చెప్పడం నాకు తేలికగా ఉండేది. అప్పుడు మీరు మెట్ల కాగితాన్ని నకలు తీసుకుని, లామినేషన్ చేయించి గోడకు తగిలించేవారు. గాయం కీలులో ఉన్నంతసేపూ మన కొలతలు పనికొస్తాయి. అది అక్కడి నుంచి మనిషిలోకి, పక్క మనిషిలోకి ఎప్పుడు పాకిందో చెప్పే కొలబద్ద నా దగ్గర లేదు. అడగడం ఒక్కటే ఉంది. అడగడానికి నాకు పది నెలలు పట్టింది.

సోమవారం పొద్దున ఓపీ నిండుగా ఉన్న సమయంలో ఇద్దరూ వచ్చారు. మోకాలి కోసం కాదు. కారంపూడి అమ్మాయి ముఖం ఎర్రగా ఉంది. అంపైరు అన్యాయం చేశాడట. ఈల మోగేలోపే తన వేలు మధ్యగీతను తాకిందట. తాకలేదని శావల్యాపురం అమ్మాయి వాదన. హాస్టల్లో రెండు రాత్రుల నుంచి ఇదే గొడవట. నన్ను చూడగానే చున్నీ నడుముకు బిగించి, ఇదిగో మేడం, ఇట్టా పట్టింది ఇది, నేనిట్టా తిరిగా, అంటూ మా విభాగం సిమెంటు నేల మీద మొత్తం మళ్లీ చేసి చూపించింది. ఎడమ కాలి మీద పూర్తిగా మెలి తిరిగింది, పొట్ట మీద పడింది, చేయి చాచింది. రెండో అమ్మాయి నిజంగానే చీలమండ పట్టుకుని వెనక్కి లాగింది. బల్లల మీద రోగులు కాళ్లు పైకి తీసుకున్నారు. ఆయా సుద్దముక్కతో నేల మీద మధ్యగీత గీసిచ్చింది.

"ఇదిగో, తాకింది."

"తాకలా. బెత్తెడు దూరం."

"ఏంది బెత్తెడు? అబద్ధాలాడబాకే." నేల మీద నుంచే నా వైపు తిరిగింది. "మేడం, మీరు గీత పక్కనే ఉన్నారుగా. మీరు చెప్పండి. మీరు కొలిచి చెప్పే మనిషి. తాకిందా, లేదా?"

విభాగమంతా నా వైపే చూస్తోంది. నాకు చేయి గుర్తులేదు. వేలు గుర్తులేదు. చూడలేదని చెప్పాను.

"చూడలా? రెండడుగుల దూరంలో నిలబడి, మరి ఏం చూస్తన్నారు మేడం?"

"నీ మోకాలు," అన్నాను.